కంపెనీ సీసాలో పీర్ల పానకం

శివరాత్రి వెళ్ళిన వారానికి మా అంగడి ముందర సోడా సీసాలు పగలగొట్టారు. పగలగొట్టింది పగవాళ్ళు కాదు. మా నాయన కూలి ఇచ్చి పిలిపించుకున్న మనుషులే, మా నాయన ఎదుటే, మా ఇంటి సుత్తెలతోనే పగలగొట్టారు. మెడ దగ్గర నొక్కు, అందులో గోలీ ఉండే ఆకుపచ్చ సీసాలవి. ఒక్కో దెబ్బకు గోలీ ఎగిరి దుమ్ములో దొర్లేది. బెంగళూరు కంపెనీ మనిషి గంగాధరప్ప మా అరుగు మీద కుర్చీ వేయించుకుని, జేబుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, చివరి సీసా పగిలిందాకా చూసి గాని లేవలేదు.

అది పంతొమ్మిదివందల అరవై అయిదు. కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా మాది గోలీసోడా అంగడి. మా నాయన పేరు మీరా హుస్సేన్. ఊరికంతా మీరన్న. బెళుగుప్ప సంతలోనూ కుందుర్పి సంతలోనూ జనం మీరన్న సోడా కావాలని అడిగి మరీ తాగేవాళ్ళు. అందులో మా నాయన పనితనం సగమైతే, అంగడి వెనకాల బావి మహిమ సగం. చుట్టూ ఉన్న బావుల నీళ్ళు నోట పోసుకుంటే ఉప్పగా తగిలేవి. మా బావి నీళ్ళు తియ్యగా ఉండేవి. గంగాధరప్ప మొదటిసారి చలికాలంలో మా అంగడికి వచ్చినప్పుడు సోడా అడగలేదు. చేద వేయించుకుని ముందు ఆ నీళ్ళు తాగాడు. ఒక సీసా నిండా పట్టుకుని బెంగళూరికి పరీక్షకు తీసుకుపోయాడు.

తరువాత వచ్చి, కళ్యాణదుర్గం తాలూకాకంతా రతన్ కలర్ ఏజెన్సీ మీరన్నదే అన్నాడు. రతన్ కలరంటే నారింజ రంగు తీపి సోడా. సీసా తెల్లది, నున్నటిది, పైన రేకు మూత. నీళ్ళలో కలిపే రంగూ రుచీ ఉన్న సెంటూ, సీసాలూ, మూతలు బిగించే మిషనూ కంపెనీవి. నీళ్ళు, గ్యాసు, చాకిరీ మావి. బెళుగుప్ప దగ్గర మాకున్న ఒకే ఒక్క చేను అమ్మి మా నాయన కంపెనీకి డిపాజిట్టు కట్టాడు. మా అంగడిలో రతన్ సీసా తప్ప వేరే సీసా కనపడకూడదన్నది మొదటి షరతు. అందుకే ఆ సుత్తెలు.

మా సోడా బండిని సంతలకు తోలే రామప్ప ఆ రోజు కాడిమాను మీద కూర్చుని అంతా చూశాడు.

“మీరన్నా, కొత్తెద్దు కాడి మోస్తాదో లేదో చూడకుండానే పాతెద్దును సంతకు తోలినట్టుండాది” అన్నాడు.

“ఊరికే ఉండప్పా. రేపట్నుంచి నీ బండికి రంగేపిస్తా” అన్నాడు మా నాయన.

ఒప్పందం ఇంగ్లీషులో ఉండింది. దాన్ని చదివింది నేనే. ఆ ముందు ఏడే అనంతపురంలో బి.ఏ. పూర్తి చేసి ఉద్యోగానికి అర్జీలు పెట్టుకుంటూ ఉన్నాను. మా దూదేకుల వాళ్ళలో, మా ఊళ్ళో, అయిదో తరగతి దాటినవాడు నాకంటే ముందు లేడు. ఒక్కో వాక్యం చదివి, తెలుగులో చెప్పి, మా నాయన తల ఊపాక తరువాతి వాక్యానికి పోయాను. సెంటు కంపెనీ దగ్గరే కొనాలి. ధర కంపెనీ చెప్పిందే. అమ్ముడుపోయినా పోకపోయినా నెలనెలా ఇంత సరుకు ఎత్తాలి. కంపెనీ పేరుకు చెరుపు జరిగిందని కంపెనీకి తోస్తే ఏజెన్సీ తీసేయవచ్చు. తీసేస్తే ఆ తరువాత మూడేళ్ళు మేము ఆ తాలూకాలో ఎక్కడా ఏ రకం సోడా గాని, షర్బత్తు గాని తయారుచేయకూడదు.

మా నాయన అడిగాడు: “మనమే వాళ్లను ఒద్దనుకుంటే?”

“దాని సంగతి ఏమీ రాయలేదు నాయనా.”

గంగాధరప్ప నవ్వాడు. “పెండ్లినాడే ఇడుపు మాటలెందుకు మీరన్నా?”

తరువాత నా వైపు తిరిగి, చదువుకున్నవాడివి నీకు తెలియనిదేముంది, ఇవన్నీ అచ్చు వేసిన షరతులు, అందరికీ ఒకటే, ఎవరి మీదా వాడేవి కావు అని ఇంగ్లీషులో చెప్పాడు. వాడనివి ఎందుకు అచ్చు వేశారని అడిగాను. “లాయర్లకు కూడు దొరకొద్దా?” అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే సంతకం పెట్టాడు.

మొదట్లో బాగానే సాగింది. సీసాను ఎండకు ఎత్తిపట్టి రంగు చూసి తాగేవాళ్ళు జనం. పెళ్ళిళ్ళ వాళ్ళు పెట్టెలకు పెట్టెలు చెప్పిపోయేవాళ్ళు. మా అమ్మ పీరాంబీకి సీసాలు కడిగి కడిగి చేతులు పాసిపోయినా, అంగడి మీద కొత్త బోర్డు చూసుకుని మురిసిపోయేది. ఆ బోర్డు మీద మా నాయన పేరు ఏ మూలా లేదు. దాన్ని నేను చూశాను గాని పైకి అనలేదు. అనడానికి అప్పటికి కోపం ఇంకా పుట్టలేదు.

ఉగాది దాటేసరికి పుట్టడం మొదలైంది. అంతకు ముందు ఏడు వేరుశనక్కాయ సగానికి సగం ఎండిపోయింది. సంతకు వచ్చే రైతు చేతిలో సోడాకు చిల్లర ఉంటుంది గాని రతన్ కలరు ధరకు ఉండదు. ధర తగ్గిస్తే షరతు తప్పినట్టు. సోడా అమ్మితే అంతకంటే పెద్ద తప్పు. కంపెనీ మాత్రం నెల తిరిగేసరికి లారీలో సెంటు డబ్బాలు దించిపోయేది. పాతవి తెరవకముందే కొత్తవి వచ్చి మా నడవా నిండింది. మా అమ్మ మంచం బయట వేసుకుని పడుకునేది.

చల్లగా ఇవ్వకపోతే రతన్ కలరు ఎవరూ తాగరు. ఐసుగడ్డ అనంతపురం నుంచి రావాలి. అది వచ్చేది హనుమంతరాయుడి బస్సులో. ఆయనకు రెండు బస్సులు, కుందుర్పి పక్క భూములు, పంచాయతీ సమితిలో పలుకుబడి ఉన్నాయి. ఐసుగడ్డలకు రంపపు పొట్టు చుట్టి, గోనెసంచిలో కట్టి బస్సు పైన వేస్తారు. ఏప్రిల్ నుంచి ఆ బస్సు దారిలో ఎక్కడో ఒకచోట ఆగేది. ఒకనాడు టైరు, ఒకనాడు రేడియేటరు. మా అంగడి ముందు గోనె దించేసరికి తడి గోనె, తడి పొట్టు తప్ప ఏమీ మిగిలేది కాదు. కండక్టరు ముఖం పక్కకు తిప్పుకుని, మేమేం చేసేదన్నా అనేవాడు. అతన్ని అని లాభం లేదు.

ఒక సంతరోజు కుందుర్పి నుంచి రామప్ప బండెడు నిండు సీసాలతో తిరిగి వచ్చాడు.

“ఏమప్పా, ఒగటి గూడా పోలేదా?” అన్నాడు మా నాయన.

“యాడ పోతాదన్నా. ఆడ అంగళ్లలో రతన్ పెట్టెలు ముందే దిగినాయి. రాయుడి గోడౌను నుంచి. బెంగళూరు లారీ నేరుగా ఆడికే పోతాందంట.”

మరుసటి వారం గంగాధరప్ప లెక్క చూడటానికి వచ్చినప్పుడు మా నాయన ఆ సంగతి అడిగాడు. తాలూకాకంతా నేనే అంటివి కదన్నా అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. మా నాయనది పెద్ద గొంతు కాదు.

“తాలూకాలో నువ్వు అమ్ముకోవచ్చని రాసినాం. ఇంకెవురూ అమ్మగూడదని యాడ రాసినాం? మీ పిల్లోని చదవమను” అన్నాడు గంగాధరప్ప.

నేను కాగితం తీయలేదు. అవసరం లేదు. ఆ మాట అందులో లేదని నాకు తెలుసు. సంతకం నాడే అడిగాను. అది వేరే రాయాల్సిన పని లేదు, మా నోటి మాటకు విలువ లేదా అన్నది ఈ గంగాధరప్పే. అదే గుర్తు చేశాను.

“నోటి మాట అంటివి, సరే. సాక్షి ఎవురప్పా?” అని నన్నే అడిగాడు. అరుగు మీద ఆనాడు నవ్వినవాళ్ళలో ఒకరిద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ళ కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి. రోడ్డు మీద హనుమంతరాయుడి బస్సు నిలబడి ఉంది.

ఆ రోజు మా నాయన సంచి పట్టుకుని బయలుదేరి, బెంగళూరికి పోయి సీసాలు వాళ్ళ ముఖాన కొట్టి వస్తానని ఉంటే నేను సంతోషించేవాణ్ణి. ఆయన అలా అనలేదు. ఎండాకాలం గడిస్తే కుదురుకుంటుందిలే, అంగడి మనది, బావి మనది అన్నాడు.

పీర్ల పండగ ఆ ఏడు మే నెలలో, నడి ఎండల్లో వచ్చింది. పీర్ల పండగకు మా ఇంటిది ఒక పద్ధతి. అందరిళ్ళలోనూ బెల్లం పానకం కడవలో కలిపి చెంబుతో పోస్తారు. మా ఇంట్లో దాన్ని వడగట్టి, గ్యాసు పట్టించి, సీసాల్లో పంచేవాళ్ళు. సోడా మిషను ఇంటికి వచ్చిన ఏడు మా అమ్మ మొక్కుకుందట, ఏడాదికి ఒక సిలిండరు గ్యాసు పీర్లకని. బెల్లం, సోంపు, మిరియాలు, యాలకులు. గ్యాసు పానకం గొంతులో దిగుతుంటే ముక్కుల్లోంచి ఘాటు పొంగేది. హిందువులూ తురకలూ అని లేదు, ఊరంతా పీర్ల చావిడి ముందర వరసగా నిలబడి తాగేవాళ్ళు. చావిడిలో పెద్ద పీరును ఎత్తే హక్కు రామప్ప వాళ్ళ ఇంటిది. మొదటి సీసా అతనికి.

ఆ ఏడు గోలీ సీసాలు లేవు. ఉన్నవి రతన్ సీసాలు. ఇది సరికాదని నేను చెప్పాను. కడవలోనే ఇద్దామని మా అమ్మ కూడా అంది.

“కడవ పానకం యా ఇంట్లో అయినా ఉంటాది పీరాంబీ. ఊరు ఏడాదంతా కాసుకోనుండేది మన సీసా కోసం” అన్నాడు మా నాయన. నాతో అన్నాడు: “అమ్మితే కంపెనీదప్పా. పంచితే పీర్లది. అమ్మేదానికి రాసుకున్న షరతు పంచేదానికి యట్ల వస్తాది?”

ఇంగ్లీషులో అమ్మడం, పంచడం అన్న తేడా లేదన్నాను. అయితే ఆయన్నే అడుగుదాం అన్నాడు. గంగాధరప్ప ముందురోజే ఊళ్ళో దిగి ఉన్నాడు. మా నాయన నన్ను వెంటబెట్టుకుని పోయి, దాపరికం లేకుండా అడిగాడు. ఒక్క పూట మీ సీసాలు వాడుకుంటాము, కడిగి పెడతాము, ఒక్క పైసా తీసుకోము అన్నాడు.

“దేవుని పని. దానికి నన్ను అడిగేదేముండాది మీరన్నా?” అన్నాడు గంగాధరప్ప.

అవునని అనలేదు, కాదని అనలేదు. మా నాయన దాన్ని అవుననుకున్నాడు. మా ఊళ్ళో ఎవరైనా అలాగే అనుకుంటారు. దేవుని పని అన్నాక ఇంకేం కావాలి?

పీర్లను ఎత్తే రోజు మధ్యాహ్నం చావిడి ముందు గుండంలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. పైన ఎండ, కింద నిప్పు, చుట్టూ డప్పులు. మా అమ్మ, నేను బుట్టల్లో సీసాలు అందిస్తుంటే మా నాయన మూతలు తీసి చేతికిస్తున్నాడు. గంగాధరప్ప నీడన, అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. రామప్ప తరువాత ఆయనకే ఇచ్చాడు. ఒక్క గుక్కలో సగం తాగి, త్రేన్చి, మళ్ళీ తాగాడు. ఇట్లాటిది బెంగళూరులో దొరకదన్నాడు. రెండోది అడిగి తాగాడు.

“దారికి ఒగటి ఇయ్యి మీరన్నా. ఇంట్లో వాళ్లకు గూడా పీర్ల ప్రసాదం అందాల కదా.”

మా నాయన బుట్టలో వెతికి, మూత గట్టిగా ఉన్న సీసా ఏరి, తువ్వాలతో తుడిచి రెండు చేతులతో అందించాడు. గ్యాసు సీసా, కుదుపుకు పేలుతుంది జాగర్త అని కూడా చెప్పాడు. గంగాధరప్ప తోలుసంచి తెరిచి, బట్టల మధ్య మెత్తగా చోటు చేసి అందులో పెట్టుకున్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

వారం తిరగకముందే లారీ వచ్చింది. ఈసారి సెంటు దించడానికి కాదు. కంపెనీ పేరున్న సీసాలో కల్తీ సరుకు నింపి ఊరంతా పంచినందుకు ఏజెన్సీ రద్దు అని ఇంగ్లీషులో ఒక కాగితం. నేనే చదివాను, నేనే తెలుగులో చెప్పాను. ఆ ఎండాకాలమంతా నా బి.ఏ. చేసిన పని అదే, వాళ్ళు అన్న మాటలను మా నాయనకు మోసుకుపోవడం. కూలీలు మూతల మిషను విప్పారు, సీసాల పెట్టెలు ఎత్తారు, బోర్డు పీకారు. నడవాలో మిగిలిన సెంటు డబ్బాలు మాత్రం ముట్టుకోలేదు. అవి మేము కొన్నవట. గంగాధరప్ప అరుగు ఎక్కలేదు. లారీ పక్కనే నిలబడి లెక్క రాసుకుంటున్నాడు.

మా అమ్మ ఎప్పుడూ పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చి మాట్లాడేది కాదు. ఆ రోజు రోడ్డు మీదికే వచ్చింది.

“రెండు సీసాలు తాగితివి కదయ్యా. కల్తీదని నీ నాలికకు తెల్లేదా?” అంది.

ఆయన తల ఎత్తలేదు. రాసుకుంటూనే, “నాదేముందమ్మా, పైవాళ్లు చెప్పినట్ల” అన్నాడు.

నేనూ మా నాయనా బెంగళూరికి వెళ్ళాము. కంపెనీ మేనేజరు గదిలో పంకా తిరుగుతూ ఉంది. ఆయన నన్ను కూర్చోమన్నాడు. మా నాయనను అనలేదు. అందుకని నేనూ నిలబడే మాట్లాడాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. గొంతు పెంచలేదు. సీసా అడుగున నల్లటి చెత్త ఉందన్నాడు. మిరియాల పొట్టు అన్నాను. అది తాగి ఎవరైనా చస్తే పేరు మీది కాదు మాది చెడుతుందన్నాడు. ఎవరూ చావలేదు, మీ ఇన్‌స్పెక్టరు రెండు తాగి బతికే ఉన్నాడు, ముందే ఆయనను అడిగి చేశాము అన్నాను. మేనేజరు చిన్నగా నవ్వాడు. గంగాధరప్ప భక్తుడుగా తాగాడు, ఇన్‌స్పెక్టరుగా రాశాడు, రెండింటిలోనూ తప్పు లేదన్నాడు. డిపాజిట్టు సంగతి అడిగితే, మేము ఎత్తవలసి ఉండీ ఎత్తని సరుకు కింద అది చెల్లిపోయిందన్నాడు.

“ఏమంటాండాడప్పా?” అన్నాడు మా నాయన.

చెప్పాను. భక్తుడు, ఇన్‌స్పెక్టరు, అంతా చెప్పాను. ఆయన మేనేజరును చూసి తెలుగులోనే అన్నాడు: “అయ్యా, మా ఊర్లో మనిషికి ఒగటే నోరు.”

మేనేజరు ఏమిటన్నట్టు నన్ను చూశాడు. నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. వాళ్ళ మాటలు మాకు మోశాను గాని, మా నాయన మాటను వాళ్ళ బల్ల మీద పెట్టబుద్ధి కాలేదు. మేనేజరు గంట కొట్టి తరువాతి మనిషిని పిలిచాడు.

తిరుగు బస్సులో మా నాయన ఒక్కటే అడిగాడు. “సోడా మిషను మనదే. ఇంట్లో మళ్లా గోలీసోడా కొట్టుకుంటే?”

“మూడేండ్లు కొట్టగూడదు నాయనా. తాలూకాలో యాడా.”

“మన బావి నీళ్లతో గూడా?”

“మన బావి నీళ్లతో గూడా.”

అనంతపురంలో దిగి ఒక వకీలును అడిగాము. కోర్టుకు పోతే తీర్పు వచ్చేసరికి మూడేళ్ళు దాటిపోతాయి, ఊరికే ఉంటే అవే మూడేళ్ళలో గడువు తీరిపోతుంది అన్నాడు. సలహాకు ఆయన ఏమీ తీసుకోలేదు. ఆ వేసవిలో మాకు కలిసిన పెద్దమనుషులలో ఆయన ఒక్కడే మంచివాడు, ఆయన చెప్పిందే అన్నిటికంటే చేదుగా ఉండింది.

మేము ఊరు చేరేసరికి ఏజెన్సీ ఎవరిదో ఊరికంతా తెలిసిపోయింది. హనుమంతరాయుడి గోడౌను మీద మా బోర్డు, అదే బోర్డు, మేకుల తూట్లతో సహా వేలాడుతోంది. చలికాలంలోనే ఆయన కంపెనీకి అర్జీ పెట్టుకున్నాడని, పెద్ద మనిషి కదా అని వాళ్ళూ సరేనన్నారని, ముందు మమ్మల్ని దింపి మార్కెట్టు చూద్దామని ఆయనే తొందరపడలేదని కండక్టరు అప్పుడు రామప్పతో చెప్పాడట. మూడు నెలలు జనానికి ఆ రుచి అలవాటు చేయడానికి ఒక మీరన్న కావాలి. అలవాటయ్యాక రాయుడు కావాలి. నాకు ఈ రోజుకూ మండేది మోసం జరిగినందుకు కాదు. దొంగ ఇంట్లో దూరితే పట్టుకుని కట్టేయవచ్చు. వీళ్ళు అడిగి, కూర్చుని, తాగి, రాసుకుని తీసుకుపోయారు. ప్రతి అడుగూ సరిగ్గా కాగితం ప్రకారమే వేశారు.

కాని కాగితంలో ఒకటి రాసుకోవడం మరిచారు. రాయుడి గోడౌను బావి ఉప్పు. కంపెనీ పరీక్షలో ఆ ఊళ్ళో నెగ్గిన నీళ్ళు మావొక్కటే.

జూన్‌లో వాన పడలేదు. ఊరి బావులు అడుగంటాయి. ఒకరోజు పొద్దున రాయుడి జీపు మా అంగడి ముందు ఆగింది. దిగి, మా అమ్మ వేసిన మంచం మీద కూర్చున్నాడు. తెల్లని పంచె, చేతికి గడియారం. జరిగినదానికి తనకేమీ సంబంధం లేదన్నాడు. కంపెనీ వాళ్ళు వచ్చి కాళ్ళు పట్టుకుంటే ఒప్పుకున్నానన్నాడు. తరువాత అసలు సంగతికి వచ్చాడు.

“మీరన్నా, రోజుకొక డ్రమ్ము బండి నీళ్లు కావాల. ఊరికే ఒద్దు, దుడ్లు ఇస్తా. నెలకింతని మాట్లాడుకుందాం. నీకూ జరుగుబాటు కావాల కదా.”

“నీ బావి ఏమైనాది రాయుడూ?”

“ఉప్పు తగుల్తాంది.”

నాకు ఒళ్ళు మండుతోంది. పొమ్మని చెప్పు నాయనా అని లోపల్లోపల అరుస్తున్నాను. ఇంట్లో జొన్నపిండి తప్ప ఏమీ లేదని కూడా నాకు తెలుసు.

“రేపు పొద్దున బండి పంపీ. నీళ్లడిగితే లేదనే ఇల్లు కాదు ఇది” అన్నాడు మా నాయన.

రాయుడు లేచి నా భుజం తట్టి పోయాడు. నేను మా నాయనతో మాట్లాడలేదు. మా అమ్మ కూడా అన్నం పెట్టి పక్కకు జరిగింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, రామప్ప ఇంటికి వెళ్ళాడు.

ముందే చెప్పేస్తాను. తరువాత జరిగినదానివల్ల కంపెనీకి ఏమీ నష్టం రాలేదు. నాలుగు రోజులకు వాళ్ళు అనంతపురం నుంచి లారీల్లో నీళ్ళు తెప్పించుకున్నారు. ఆ ఖర్చు కూడా రాయుడి మీద వేశారట, ఆయన జనం మీద వేశాడట. ఆ మూడేళ్ళూ మా ఇల్లు గడిచింది నాకు సమితి ఆఫీసులో దొరికిన గుమాస్తా జీతం మీద. మా నాయన సోడా మిషను తుప్పు పట్టింది. గడువు తీరే నాటికి ఊళ్ళో పిల్లలు దాహమైతే రతన్ కావాలని ఏడ్చేవాళ్ళు, ఏ సోడా అయినా దాన్ని రతన్ అనేవాళ్ళు. ఇవన్నీ తెలిసి కూడా ఆ మరునాటి పొద్దుటి సంగతి రాయాలనే ఇదంతా రాశాను.

ఆ మధ్యాహ్నం రామప్ప డప్పు తీసుకుని వీధి వీధీ తిరిగాడు. మీరన్న బావిలో ఎవరైనా చేదుకోవచ్చని, ఈ పూట నుంచే అని చాటాడు. తెల్లవారేసరికి మా పెరటి గోడ నుంచి బస్టాండు దాకా బిందెలు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బిందె లేనివాళ్ళు సెంటు డబ్బాలు పట్టుకుని వచ్చారు. మా నడవాలో కుళ్ళుతున్న ఆ డబ్బాలను మా అమ్మే ఒంపేసి, తోమి, ఇచ్చింది. మా నాయన గిలక దగ్గర నిలబడి చేదుతున్నాడు. నేను చేద అందుకుని బిందెల్లో పోస్తున్నాను. నీళ్ళు అప్పటికే మట్టిరంగు తిరిగాయి. చేద అడుగు తగిలిన చప్పుడు పైకి వినపడుతోంది. కాసేపు ఆగాలి, ఊట ఊరాలి, మళ్ళీ చేదాలి.

డ్రమ్ము బండి వచ్చింది. దాని వెనకే జీపు. రాయుడు జనాన్ని చూసి, దారి చేసుకుని గిలక దాకా వచ్చాడు.

“ఏమప్పా మీరన్నా, ఇదేంది? నీళ్లిస్తానంటివే.”

మా నాయన తాడు వదలలేదు.

“ఇస్తా రాయుడూ. కాదన్లేదు. బిందె తెచ్చుకోని వరసలో నిలబడు.”

ఎవరూ నవ్వలేదు. వరసలో ముందున్న ముసలావిడ ఒక అడుగు కూడా పక్కకు జరగలేదు. రాయుడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, తరువాత వెళ్ళి జీపు ఎక్కాడు. బండి తోలుకు వచ్చిన కూలివాడు జీపు మలుపు తిరిగిందాకా ఆగి, ఎద్దులను చింతచెట్టుకు కట్టేసి, బండి కింద వేలాడుతున్న తన సత్తుబిందె విప్పుకుని వరస చివరికి నడిచాడు.